పడవవాడి భార్య చావలేదు

పదో తరగతికి ఇంగ్లిషు చెప్పే టీచరమ్మకు పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు "అసలు పుస్తకం". నవల గానీ పద్యం గానీ సారాంశంతో సరిపెడితే ఆవిడకు ఒళ్లు మండేది. పిల్లలేమో పరీక్షల బోర్డు పంపిన రెండు పేజీల నోట్సు బట్టీపట్టి గట్టెక్కేవారు. వాళ్లను అని లాభం లేదు. అడిగేదీ అందులోంచే, దిద్దేదీ దాన్నిబట్టే.

ఈసారి చిక్కంతా ఆ నోట్సు రాసిన మహానుభావుడు తెచ్చిపెట్టాడు. పాఠం వందేళ్లనాటి నవల. ఆఖరి అధ్యాయానికి ముందు అధ్యాయంలో పడవవాడి భార్య నదిలో దూకుతుంది. ఆయనగారు అక్కడితో పుస్తకం మూసేసి, "మునిగి చనిపోయెను" అని తేల్చేశాడు. ఇంకో పన్నెండు పేజీలు తిరగేసి ఉంటే, ఆవిడ అవతలి గట్టుకు ఈది, బట్టలు పిండుకుని నడిచి వెళ్లిపోవడం కనిపించేది. జవాబుల పట్టికలోనూ ఆ చావే ఎక్కింది.

పరీక్షలో అదే అడిగితే, తరగతిలో ముప్పై తొమ్మిది మంది ఆవిడను నిక్షేపంగా చంపేశారు. దర్జీగారి అమ్మాయి ఒక్కతే బతికించింది. టీచరమ్మ మురిసిపోయి పదికి పది వేసింది. హెడ్మాస్టరు ఆ పది కొట్టేసి సున్నా పెట్టాడు. ఆ పదీ పోతే పిల్ల ఇంగ్లిషులో తప్పుతుంది, ఏడాదంతా మళ్లీ చదవాలి. అయితే సబ్జెక్టు టీచరు సంతకం లేనిదే మార్చిన మార్కు చెల్లదు. అందుకే ఆవిడను గదికి పిలిపించాడు.

"నవలలో ఉన్నదే రాసిందండీ. ఇదిగో, ఆఖరి అధ్యాయం చూడండి."

హెడ్మాస్టరు పుస్తకాన్ని వేలితో పక్కకు నెట్టాడు. "నన్నిప్పుడు నవలలు చదువుతూ కూర్చోమంటారా? పైవాళ్లు చచ్చిందన్నారు, చచ్చిందంతే. సంతకం పెట్టండి. లేదంటే సోమవారం నుంచి ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించుకోండి."

ఇరవై రెండేళ్లుగా పెద్ద పిల్లలకు కవిత్వం చెప్పిన మనిషి, తెరిచిన పుస్తకం మూసేసింది.

"పోనీ, పిల్లచేత ఆ ఒక్క జవాబూ మళ్లీ రాయించండి. పాసవుతుంది, గొడవ వదిలిపోతుంది" అన్నాడాయన మెత్తబడి.

టీచరమ్మ తలూపింది. వెనకేసుకురావడానికేమీ లేదు, భయపడింది.

పిల్లను హెడ్మాస్టరు గదికే పిలిపించారు. టీచరమ్మ తెల్లకాగితం ముందు పెట్టింది. "నోట్సులో ఉన్నట్టు రాసెయ్యమ్మా. నాలుగు ముక్కలు, అంతే."

"ఆవిడ చావలేదుగా టీచర్?"

"చావలేదమ్మా. కానీ..."

"మరి నన్నెందుకు ఆవిడను చంపమంటున్నారు?" పిల్లకు కళ్లనీళ్లు తిరిగాయి గానీ పెన్ను మాత్రం ముట్టలేదు. "తప్పితే తప్పుతాను టీచర్. మళ్లీ చదువుకుంటాను. ఇది మాత్రం రాయను."

టీచరమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ తాను నేర్పిందేదో ఆ పిల్ల ఒక్కతే నమ్మినట్టుంది. జవాబు పత్రం దగ్గరకు లాక్కుని, సున్నా మీద అడ్డంగా గీత గీసి, "పది" అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాసి, కింద పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు పెట్టింది.

"సోమవారం నుంచి..." అంటూ హెడ్మాస్టరు లేవబోయాడు.

"అలాగేనండీ" అంది టీచరమ్మ. "ఒకటో తరగతి ఏ గదిలో?"