మెప్పుకి మూగబోయిన రైలు

యసునోకి ఆ రైల్లో ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. ఆరేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ఒక్క మాట బయటపెట్టడానికి అంతసేపెందుకు అంటారు మీరు. అనండి. ఆవిడ కూడా అలాగే అనుకుని ఎక్కింది.

ఉత్తరాది అకితా ప్రాంతపు మంచులో పొద్దున్న ఏడుంబావుకి బయల్దేరే ఒంటి బోగీ రైలు అది. సంత రోజుల్లో అందులో ఎక్కేవాళ్ళంతా ఆడవాళ్ళే, అందరూ అరవై దాటినవాళ్ళే. వీపున గంపలు, ఒళ్ళో మూటలు, ఎక్కింది మొదలు దిగేదాకా కబుర్లు. ఒకరి కోడలి సంగతి ఇంకొకరి మోకాలినొప్పిలో కలిసిపోయి, ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో తెలిసేది కాదు. తన ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో తనకే తెలియదని డ్రైవరు ఒబాతా అంటూ ఉండేవాడు.

యసునోకి కావలసింది ఆ గోలే. ఆ గోలలో చిన్ననాటి నేస్తం కిమియే పక్కన చేరి, చెవిలో చెప్పేసి, తల వంచుకుని వచ్చేయాలని ఆవిడ ఎత్తు. తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తయితే చేపలమ్మే తెత్సు వినేలా ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. తెత్సు చెవిన పడిందా, మధ్యాహ్నానికల్లా సంత మొత్తం నంజుకు తింటుంది.

ఇంతకీ తప్పు ముల్లంగి దగ్గర జరిగింది. ఆ ప్రాంతంలో ముల్లంగిని చూరుకి వేలాడదీసి, కింద కట్టెలతో పొగబెట్టి, తర్వాత తవుడులో ఊరేస్తారు. అందులో కిమియే వాళ్ళమ్మని మించినవాళ్ళు లేరు. కిమియేకి మాత్రం చిన్నప్పటి నుంచీ పొగ పడదు. పొగబెట్టే పాక గడప తొక్కితే చాలు, దగ్గి దగ్గి నీలుక్కుపోయేది. అందుకని పెద్దావిడ తన చేతి పనితనమంతా పక్కింటి పిల్ల యసునోకి అప్పగించింది. కిమియే ఎండబెట్టిన పళ్ళూ, కొండకూరలూ అమ్ముకుంటూ అదే సంతలో అయిదడుగుల దూరంలో కూర్చునేది.

ఆరేళ్ళ క్రితం ఎవరో విదేశీ పత్రికవాళ్ళు సంతకి వచ్చారు. యసునో ముల్లంగి తిని లొట్టలేశారు. ఎవరు నేర్పారని అడిగారు. “మా అమ్మ” అంది యసునో. నోరు జారిందని ఆవిడ తర్వాత తనకి తాను సర్దిచెప్పుకుంది గానీ అదేం జారడం కాదు. కెమెరా ఎదురుగా ఉంటే ఆ పేరూ, ఆ మెప్పూ తన ఇంట్లోనే ఉండిపోవాలని ఆశపడింది, అంతే. మరుసటి ఏడాది నుంచి ఆ పత్రికలో కాగితం పట్టుకుని ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఆవిడ కొట్టు ముందు వరస కట్టారు.

కిమియే పోట్లాడలేదు. జుట్టు పట్టుకుని నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ మర్యాద ఇవ్వడం మొదలుపెట్టింది. చనువుగా పిలిచే యసు-చాన్ కాస్తా గారు తగిలించినట్టు యసునో-సాన్ అయిపోయింది. సంతరోజు పొద్దున్నే నడుం దాకా వంగి, ఈ రోజు కూడా తమకి బేరాలు బాగా జరగాలండీ అనేది. ఆరేళ్ళు. చెంపదెబ్బ అయినా కొన్నాళ్ళకి మానుతుంది, ఆ వంగడం మాత్రం ప్రతిసారీ కొత్తగానే తగిలేది.

ఇవాళ కిమియేకి ఆఖరి సంత. మధ్యాహ్నం కూతురు సెందాయ్ నుంచి కారులో నేరుగా సంతకే వచ్చి తీసుకెళ్ళిపోతుంది. సంతలో బేరాల మధ్య మాట్లాడుకునే వీలెక్కడ? యసునోకి మిగిలిందల్లా ఈ రైలే.

ప్లాట్‌ఫారం మీద కిమియే మామూలుగానే వంగింది. యసునో కూడా వంగింది. పక్కనే నిలబడ్డ ఓ విదేశీయుడు అది చూసి గుండెల మీద చెయ్యి వేసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మనిషి తాటిచెట్టంత ఉన్నాడు. బోగీ ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి సీటుకి తగిలాయి.

అతన్ని చూసే సరదాలో ఆడవాళ్ళు కబుర్లు మొదలుపెట్టడం కాస్త ఆలస్యం చేశారు. కొంప ముంచింది ఆ ఆలస్యమే. మా దేశంలో నీకేం నచ్చింది నాయనా, ఏం నచ్చలేదు అని తెత్సు అడిగింది. ఆ ప్రశ్న అడక్కుండా విదేశీయుణ్ణి వదిలిపెట్టిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

అతని పేరు కార్మినే, ఊరు నేపుల్స్. నచ్చనిది ముందు చెప్పాడు. చెత్త పారేద్దామంటే దేశం మొత్తం మీద ఒక్క బుట్ట కనబడదట. జేబులో చెయ్యి పెట్టి మూడు రోజులుగా కొనుక్కుతిన్న అన్నం ముద్దలు చుట్టిన కాగితాలు గుప్పెడు తీసి చూపించాడు. వీధిలో కాసేపు కూలబడడానికి ఓ బల్ల కూడా ఉండదట. నచ్చినవి లెక్కపెట్టడానికి మాత్రం వేళ్ళు చాల్లేదు. చలికాలంలో వెచ్చగా ఉండే మరుగుదొడ్డి పీట, మంచులో నిలబడ్డ మిషన్లోంచి పడే వేడి కాఫీ డబ్బా, పారేసుకున్న పర్సు డబ్బుతో సహా తిరిగి రావడం. భాష పుస్తకాల్లో నేర్చుకున్నట్టున్నాడు, పాపం.

“అన్నింటికన్నను నాకు మిక్కిలి ప్రియమైనది మీ రైళ్ళలోని నిశ్శబ్దము. మా ఊరిలో రైలనిన సంతయే. ఇచ్చట ఒక్కరును నోరు మెదపరు. ఇతరుల మనశ్శాంతిని ఇంతగా గౌరవించు మీ సంస్కారమునకు నా నమస్కారము” అన్నాడు.

బోగీ అంతా ఒక్క క్షణం ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. తెత్సు ఏదో అనబోయి నోరు మూసేసుకుంది. అతను తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేవాళ్ళు. నోరు మూసుకోమని ఉంటే రెట్టింపు అరిచేవాళ్ళు. పొగిడాడే! అంత దూరం నుంచి వచ్చినవాడు చేతులు జోడించి పొగిడాక, మాదీ సంత రైలేనయ్యా అని ఎవరు చెబుతారు? దేశం పరువంతా వచ్చి పన్నెండు గంపల మీద కూర్చుంది. పన్నెండు మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లల్లా బిగుసుకుపోయారు. ఒకావిడ దగ్గుని దిగమింగింది. స్టేషను పేరు చెప్పాల్సిన ఒబాతా కూడా గుసగుసగా చెప్పాడు.

యసునోకి ప్రాణం పోయినంత పనయింది. రెండో స్టేషను వెళ్ళిపోయింది. మూడో స్టేషను దాటాక ఆవిడ లేచి కిమియే పక్కన కూర్చుంది. నాలుగోది కూడా రానిచ్చి, “కిమీ...” అంది, చీమ గొంతుతో. పది తలలు ఇటు తిరిగాయి.

కిమియే మర్యాదగా వంగి, ఏమైనా కావాలాండీ యసునో-సాన్ అని అడిగింది.

ఏం లేదు, కిటికీ దగ్గర చలిగా ఉందేమోనని, అంది యసునో.

తమ దయవల్ల బాగానే ఉందండీ, అంది కిమియే.

ఇంకా ఒక్క స్టేషనే ఉంది. ఛీ, నా బతుకు, అనుకుంది యసునో. మూసిన నోటితో ఆరేళ్ళు గడిపాను, ఇప్పుడు తెరుద్దామంటే దేశమే మూసుకుంది అని లోపల్లోపల ఏడ్చింది.

అంతలో కార్మినే మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి ఎదురుగా వంగి నిలబడ్డాడు. చేతిలో ఆ పత్రిక కాగితమే. అందులో యసునో ముఖం, చేతిలో ముల్లంగి. ఈ చిత్రంలోని వారు తమరే కదా అని రహస్యంగా అడిగాడు. ఆ నిశ్శబ్దంలో ఆ రహస్యం డ్రైవరు దాకా వినబడింది. ఇందులో అమ్మగారి విద్య అని రాశారు గానీ అమ్మగారి పేరు రాయలేదని, అది తనకి అన్యాయంగా తోచిందని అన్నాడు.

“మీ మాతృమూర్తి పేరు తెలుపగలరా? వ్రాసుకొందును.”

యసునో కిమియే వైపు చూసింది. కిమియే కిటికీలోంచి మంచుని చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. యసునో తన తల్లి పేరు చెప్పేస్తే సరిపోతుంది. అతను రాసుకుంటాడు, రైలు ఆగుతుంది, అందరూ దిగిపోతారు. అంత సులువు.

“మా అమ్మ కాదు” అంది యసునో. గుసగుసగానే అందామనుకుంది గానీ, నలభై ఏళ్ళు సంతలో అరిచిన గొంతు మాట వినలేదు. “మా అమ్మ అన్నం వండినా మాడ్చి పొగబెట్టేది, ముల్లంగి ఆవిడ వల్ల ఎక్కడవుతుంది? నాకు నేర్పింది ఇదిగో, ఈవిడ వాళ్ళమ్మ. ఆ రోజు అబద్ధం చెప్పాను. కెమెరా చూసి ఆశపడ్డాను. ఆరేళ్ళుగా ఆ అబద్ధమే అమ్ముకుని తింటున్నాను. కిమీ, తప్పు చేశానే. క్షమించమని అడగడానికి ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.”

పన్నెండు గంపలూ విన్నాయి. కార్మినే కలం గాల్లోనే ఆగింది. ఎవరి వైపు తిరగాలో తెలియక ఇద్దర్నీ చూసి, చివరికి కిమియే వైపు తిరిగి, మరి అమ్మగారి పేరు అన్నాడు.

కిమియే కిటికీ మీంచి చూపు ఇటు తిప్పింది. తర్వాత “కుదో సుగి” అంది. “పోయి పదకొండేళ్ళయింది.”

అతను యసునో బొమ్మ కింద ఖాళీలో ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి, సరిగ్గా ఉందో లేదో చూడమని ఇచ్చాడు. కిమియే ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుంది. ఒక అక్షరం వంకరగా ఉంది. దిద్దలేదు. బొటనవేలితో ఆ పేరుని ఒక్కసారి తడిమి తిరిగి ఇచ్చేసింది. సంతలో పువ్వులమ్మే ముసలావిడ బాహాటంగా ముక్కు చీదింది.

రైలు నెమ్మదించింది. కిమియే లేచి గంప వీపుకి ఎత్తుకుంది. యసునో తలెత్తలేదు. తిట్టినా, ఉమ్మినా, ఈసారి కూడా నడుం దాకా వంగి వెళ్ళిపోయినా పడి ఉండడానికి సిద్ధపడింది.

“ఉప్పెక్కువ” అంది కిమియే.

“ఏంటి?”

“నీ ముల్లంగిలో. మూడేళ్ళ నుంచి చూస్తున్నా. పోయిన చలికాలం మరీ ఘోరం, నోట్లో పెట్టుకోలేకపోయాను. ఇక మీదట మా అమ్మ పేరు చెప్పి అమ్ముతావు కదా, ఆ ఉప్పుతో అమ్మితే ఊరుకోను.”

యసునోకి అర్థం కాలేదు. ఆరేళ్ళలో కిమియే ఒక్కసారైనా తన కొట్టు దగ్గరికి రాలేదు. రుచి ఎలా తెలిసింది? కిమియే చూపు తెత్సు మీదికి వెళ్ళింది. తెత్సు గబుక్కున చేపల గంప సర్దుకోవడంలో పడిపోయింది. ఏటా డిసెంబరులో మొగుడికి ఇష్టమని రెండు ముల్లంగులు కట్టించుకుపోయేది తెత్సు. ఆ మొగుడికి నోట్లో పళ్ళే లేవని యసునోకి అప్పుడు గుర్తొచ్చింది.

“ఎందుకు కొనిపించుకున్నావే, నా మీద అంత కోపం పెట్టుకుని?” అని అడిగింది.

తలుపులు తెరుచుకుని చలిగాలి లోపలికి కొట్టింది. కిమియే మెట్టు మీద ఆగింది.

“మా అమ్మ చేతి రుచి నీ దగ్గర తప్ప నాకింకెక్కడ దొరుకుతుందే?” అంది.