అసిరమ్మ మోకాళ్ళ నొప్పి

నేను ఒక పీటను. పెళ్ళిపీటనేమో అని మర్యాదలు చేయబోకండి, నా మీద ఎవరూ పట్టుబట్టలతో కూర్చోలేదు. ఇప్పుడైతే బియ్యం డబ్బా మోస్తున్నాను గానీ, పసిపిల్లలకు నీళ్ళు పోసే మనిషి కోసం పుట్టిన పనస చెక్కను. బొబ్బిలి దగ్గరి ఒక ఊళ్ళో అసిరమ్మ ఆ పని చేసేది. కాళ్ళు బారజాపి, వాటి మీద పిల్లను పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోయాలంటే కూర్చునే ఎత్తు కుదరాలి. అందుకని ఆమె మొగుడు ఆమె కొలతకే నన్ను చేశాడు. అతను పోయాక నన్ను చంకన పెట్టుకునే ఇల్లిల్లూ తిరిగింది. "మా ఇంట్లో పీటలు లేవా?" అని ఇల్లాళ్ళు మూతి విరిచేవారు. వింటేగా!

ఆమెకు కడుపు పండలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఊరి పిల్లలందరూ నా కాళ్ళ మీదే కదేటి" అనేది.

ఒక వేసవిలో బాలింత హైమ ఇంటికి వెళ్ళాం. బిడ్డ పుట్టడానికి పది రోజుల ముందే హైమ తల్లి చనిపోయింది. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకునేది. ఆకలి వేళకు పాలిచ్చి, బిడ్డను పక్కన పెట్టేసేది. చూడవచ్చినవాళ్ళు రాతిగుండె అన్నారు. మనుషుల నోరు ఊరుకోదు కదా. ఏడిస్తే బాగుండునని అసిరమ్మ అనుకునేది. హైమ ఏడవలేదు.

అసిరమ్మ మాత్రం నీళ్ళు పోస్తూ పాపతో మాట్లాడేది. "ఏటమ్మా, రాత్రి నిద్దరోనేదేటి?" అని అడిగి ఆగేది. ఆ ఆగడంలోనే ఉంది ఆమె పనితనం. పాప ఆమె మొహంలోకి చూసి, తీరిగ్గా "ఉంగా" అనేది. "అలాగా? మరి నాతో సెప్పవేటి?" అని ఈవిడ. ఇద్దరిలో ఒకరికి మాటలే రావు, అయినా కబుర్లకు లోటు లేదు. మాటలొచ్చినవాళ్ళు అంత ఓపిగ్గా ఒకరి మాట ఒకరు వినగా నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

ఐదో నెలలో ఒకనాడు సాంబ్రాణి పొగ వేసి, పాపను హైమ చేతికిచ్చింది. పాప వెనక్కి విరుచుకుని, రెండు చేతులూ అసిరమ్మ వైపు చాచి గుక్కపట్టింది. హైమ బిడ్డను తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే ఉంచుకో అసిరమ్మా. దానికి నేనంటే పడదు" అంది.

అసిరమ్మ పాపను గుండెకు హత్తుకుంది. నిజం చెప్పాలంటే, ఆమెకు సంతోషమే కలిగింది. నా మీద కూర్చున్న మనిషి, నాకు తెలియదా? ఆ సంతోషం చూసుకునే ఆమె భయపడింది.

మర్నాడు వచ్చీ రాగానే, "అమ్మా, మోకాళ్ళు పట్టేసినాయి. సాపలేకపోతన్నాను. నువ్వు కూకో, నాను సెప్తాను" అంది. ఎంత అబద్ధం! ఆ పొద్దున్నే రెండు బిందెలు మోసిన మోకాళ్ళవి.

హైమ భయంభయంగా నా మీద కూర్చుని కాళ్ళు చాపింది. నా ఎత్తు ఆమెకు కుదరలేదు. పాప ఏడ్చింది. పది రోజులు అలాగే ఏడ్చింది. అసిరమ్మ గోడకు చేరబడి, "తల కింద సెయ్యెట్టు, ఈపు మీంచి పొయ్యి" అని చెప్పేదే తప్ప పాపను ముట్టుకోలేదు.

పదకొండో రోజు పాప ఏడుపు ఆపి, మెడ తిప్పి అసిరమ్మను వెతుక్కుని "ఉంగా" అంది. అసిరమ్మ పెదవులు కదిలాయి. కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది. పాప మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు. మూడోసారి ఆ గొంతులో బెదురు వినిపించింది. నోరుంటే నేనే పలికేదాన్ని.

"ఏమ్మా?" అంది హైమ సన్నగా. "ఏంటి తల్లీ?"

అని, ఆగింది. పాప ఆమె మొహంలోకి చాలాసేపు చూసి "ఉంగా" అంది. హైమ వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

అసిరమ్మ ఆ పూట నన్ను చంకన పెట్టుకోలేదు. "పీట ఉండనియ్యమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కబురు పెట్టినా మోకాళ్ళ నొప్పి అనే చెప్పి పంపింది. ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఆమె కోసం గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఐదు నెలలు గడిచాక, మరమరాల పొట్లంతో వచ్చింది. హైమ కుర్చీ వేసింది. ఈవిడ నన్నే లాక్కుని కూర్చుని, అలవాటున కాళ్ళు చాపి, "రామ్మా" అని చేతులు చాచింది. పాప ఆమెను చూసి పెదవి విరిచి, ఏడుపందుకుని, హైమ మెడను కరుచుకుంది.

"కొత్తవాళ్ళ దగ్గరికి పోవడం లేదు అసిరమ్మా, ఏమీ అనుకోకు" అంది హైమ నొచ్చుకుంటూ.

"ఏటనుకుంతాను? అమ్మనెరిగిన పిల్ల అలాగే ఏడుస్తాది" అని అసిరమ్మ నవ్వింది. కాళ్ళు మాత్రం ముడుచుకోలేదు. ఖాళీ కాళ్ళు చాపుకుని అలాగే కూర్చుంది.

"పోనీ, నీ పీట తీసుకెళ్ళు" అంది హైమ. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఉండనియ్యమ్మా, రెండో బిడ్డకుంటాది" అని అసిరమ్మ నా మీద చెయ్యి ఆనించి లేవబోయింది. లేవలేకపోయింది. హైమ పాపను దించి, రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆమె బరువు ఎరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈసారి అబద్ధం కాదు.