కాలర్ పైకి

మంగళవారం పొద్దున పదకొండు గంటలకి మా అక్క మా అమ్మను చంపేసింది. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, టీ తాగుతూ, లాప్‌టాప్ మీద రెండు వేళ్ళతో టైపు చేసి చంపేసింది. అదే సమయంలో అమ్మ పక్క గదిలో నిక్షేపంగా కూర్చుని, పొరుగింటాయన ప్యాంటు నడుము వదులు చేస్తూ, ఆయన తిండి మీద జోకులు వేస్తోంది.

నాకు ఆ సంగతి గురువారం దాకా తెలియదు. తెలియకపోవడం ఎవరి తప్పో తర్వాత చెబుతాను. ముందు నా కోపం చెప్పుకోనివ్వండి.

అమ్మ రిటైరయ్యేదాకా ముప్ఫై ఒక్క ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో, నాలుగో లైన్‌లో, కాలర్లు కుట్టింది. భోజనాల వేళ తోటివాళ్ళకి కార్డులు వేసి చూసేది. కొన్న కార్డులు కావు. చొక్కా మడత నలగకుండా లోపల అట్ట పెడతారు కదా, వాటిలో పాడైనవి తెచ్చి, అరచేతంత ముక్కలుగా కోసి, మార్కర్‌తో బొమ్మలు వేసుకుంది. విరిగిన సూది, దారం అయిపోయిన బాబిన్, సూపర్‌వైజర్ ఈల, వేడెక్కని ఇస్త్రీపెట్టె. సెలవు దొరుకుతుందా, అలిగి వెళ్ళిన మొగుడు తిరిగొస్తాడా, ఈ వాంతులు నెల తప్పినందుకా పైత్యానికా, అన్నీ ఆ ముక్కల్నే అడిగేవాళ్ళు.

ఆ అట్టల వెనక కంపెనీవాళ్ళు చిన్న చిన్న చొక్కా బొమ్మలు వరసగా అచ్చేసేవారు. ముక్కకో చొక్కా వచ్చేలా కోసింది అమ్మ. జోస్యం చెప్పే మామూలు టారో కార్డుల్లో ఒక కార్డు తలకిందులుగా పడితే అర్థం చెడువైపు తిరుగుతుంది. ముందే ఎవరూ కనిపెట్టకూడదని ఆ కార్డుల వీపు ఎటు తిప్పినా ఒకేలా ఉండేట్టు గీస్తారు. ఈ సంగతి నేను చెబితే అమ్మ మొహం చిట్లించింది. ఆమె పద్ధతి వేరు. ముందు వీపు చూస్తుంది. చొక్కా కాలర్ కిందికి ఉంటే చేత్తో పైకి తిప్పుతుంది. అప్పుడు గానీ కార్డు తెరవదు.

"పొద్దుట్నించీ మెషిన్ మీద వంగి వంగి వచ్చిన మనిషే అది. దాని ముందు తలకిందుల బతుకు పరచనా?" అంది.

అమ్మ దగ్గరున్న నలభై ఒక్క ముక్కల్లోంచి నేను డెబ్బై ఎనిమిది కార్డుల టారో గీశాను. రెండేళ్ళు పట్టింది. రాజులు లేరు, రాణులు లేరు, కిరీటాలు లేవు. సూదులు, దారాలు, బొత్తాలు, కత్తెరలు, ఇవే నాలుగు జట్లు. చక్రవర్తి ఉండాల్సిన కార్డులో సూపర్‌వైజర్. మృత్యువు ఉండాల్సిన కార్డులో కరెంటు పోయిన హాలు. అన్నిటి వీపు మీదా కాలర్ పైకున్న చొక్కా. ప్రింటరు మూడుసార్లు ఫోన్ చేసి ఇది తప్పు డిజైన్ అన్నాడు. ఇది మా అమ్మ డిజైన్ అని మూడుసార్లూ ఫోన్ పెట్టేశాను.

అమ్మకాలు అక్క చూసుకుంటానంది. ఇంతకుముందు మొహానికి రాసుకునే క్రీములు అమ్మేది, మాటలతో కోటలు కడుతుంది. ఐదొందల ముందస్తు ఆర్డర్లు లేనిదే మెషిన్ ఎక్కించనని ప్రింటరు తేల్చేశాడు. మూడు వారాలైనా డెబ్బై దాటలేదు. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఎక్కడలేని ఊపు వచ్చింది. గురువారం పొద్దునకి తొమ్మిదొందలు. నేను ఎగిరి గంతేసి, జనం నా బొమ్మల గురించి ఏమంటున్నారో చూద్దామని మా అమ్మకాల పేజీ తెరిచాను.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు సూది పట్టిన ఆ చేతులు ఇక లేవు. కన్నుమూసే ముందు అమ్మ మా చేతుల్లో పెట్టినవి ఈ కార్డులే." కింద అమ్మ నలుపు తెలుపు ఫొటో. దాని కింద నాలుగొందల మంది కన్నీటి బొమ్మలు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటక్కా ఇది?"

"ఏది? ఓ, అదా. భలే పనిచేసింది కదూ?"

"అమ్మ బతికుంది!"

"మెల్లిగా మాట్లాడవే, వింటుంది."

"వినేంత బతికుందనే చెబుతున్నా!"

అక్క టీ కప్పు కింద పెట్టింది. "బతికున్న ముసలమ్మ కథ ఎవరు కొంటారే? మూడు వారాలు నిజమే చెప్పాను. ఎంతమంది కొన్నారు? డెబ్బై. అందులో సగం మన చుట్టాలు."

"తీసెయ్. ఇప్పుడే."

"తీసేస్తా. ప్రింటరు ఆపేస్తాడు. రెండేళ్ళ నీ బొమ్మలు అటకెక్కుతాయి. సరేనా?"

సరే అందామని నోరు తెరిచాను. రాలేదు. ఆ ఒక్క క్షణం తడబాటుకి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అక్క అది కనిపెట్టింది. "అయినా సోమవారమే నీకు పంపాను కదే. బాగుంది పెట్టెయ్ అన్నావు."

ఫోన్ తీసి చూశాను. అన్నాను. నమూనా కార్డు మీద ఎర్ర దారం గులాబీగా వచ్చిందని ఆ రోజు ప్రింటరుతో పోట్లాడుతున్నాను. ఒక దారం రంగు కోసం అరగంట గొంతు చించుకున్నదాన్ని, అమ్మ గురించి రెండు వాక్యాలు చదవలేదు.

అప్పుడే తలుపు చప్పుడైంది. మెడలో కొలతల టేపుతో అమ్మే వెళ్ళి తీసింది. బయట బొత్తాలత్త. నాలుగో లైన్‌లో అమ్మ పక్క మెషిన్ మీద ఇరవై ఏళ్ళు బొత్తాలు కుట్టింది కాబట్టి మాకు చిన్నప్పటి నుంచీ బొత్తాలత్తే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అమ్మను చూసి గోడ పట్టుకుని గడప మీదే కూలబడింది.

"ఏమైందే? ఎవరు పోయారు?" అంది అమ్మ.

"నువ్వే, వదినా," అంది అత్త.

అమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. అత్త ఫోన్ చేతికిచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా చదివింది. మా ఇద్దరి వైపూ చూడలేదు.

"లైన్‌లో అందరికీ తెలుసా?"

"నిన్న పొద్దున తెలిసింది. నిన్ను చూసి వస్తామని సెలవడిగాం. సొంత చుట్టం కాదుగా అన్నాడు సూపర్‌వైజరు. పదకొండింటికి మెషిన్లు ఆపేశాం, వదినా. పద్దెనిమిది మందిమీ. ఎవరూ ఆపమనలేదు. పది నిమిషాలు అలా నిలబడ్డాం." అత్త గ్లాసు కింద పెట్టింది. "ఇద్దర్ని పనిలోంచి తీసేశాడు. నేనొకదాన్ని. అందుకే ఇవాళ రావడానికి తీరింది."

కరెంటు పోయినప్పుడు తప్ప ఆ హాల్లో మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగడం అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమె కోసం ఆగాయి. మా అబద్ధానికి ఆగాయి. నాకు అక్క జుట్టు పట్టుకోవాలనిపించింది, ఆ తర్వాత నా జుట్టే.

అమ్మ ఫోన్‌ను అక్క ముందు పెట్టింది. "ఇప్పుడు టీకి ఆగి ఉంటారు. లైన్‌వాళ్ళకి ఫోన్ చెయ్యి. నీ నోటితో చెప్పు."

అక్క ఫోన్‌ను పక్కకి జరిపింది. "అమ్మా, సాయంత్రం నేను నెమ్మదిగా..."

"చెయ్యి."

చేసింది. అవతల గ్లాసుల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. "నేను పెద్దమ్మాయిని. అమ్మ బతికే ఉంది. అమ్మకాల కోసం నేనే అలా రాశాను," అంది అక్క. ఎవరో నవ్వబోయి ఏడ్చారు. తర్వాత ఒక గొంతు, చాలా మామూలుగా, "పని పోయిన రెండో ఆమెకి ముగ్గురు పిల్లలమ్మా. ఆమెకి నువ్వు చెబుతావా, మేం చెప్పాలా?" అని అడిగింది. అక్క జవాబు చెప్పేలోపే ఫోన్ పెట్టేశారు.

అక్క పేజీలో నిజం రాసింది. మధ్యాహ్నం లోపల ఆర్డర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. దొంగలన్నారు, ఇంకా చాలా అన్నారు. ప్రింటరు ఫోన్ చేసి పని ఆపేస్తున్నానన్నాడు. ఈసారి నేను గొడవ పెట్టుకోలేదు. అప్పుడూ నా బొమ్మలే గుర్తొచ్చాయి, గుర్తొచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

అక్క అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "తప్పయిపోయిందమ్మా. అన్నీ పోయాయి. ఇప్పుడేం చెయ్యాలో నువ్వే చూసి చెప్పు."

అమ్మ లేచి వెళ్ళి పాత రేకుపెట్టె తెచ్చింది. అట్టముక్కలు కలిపి బల్ల మీద పెట్టి, బొత్తాలత్త పక్కన కూర్చుంది. అక్క ఒకటి తీసి పెట్టింది. కాలర్ కిందికి ఉంది. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, అమ్మ తిప్పుతుందని ఎదురుచూసింది.

అమ్మ దాన్ని తిప్పలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే తెరిచింది. విరిగిన సూది, తలకిందులుగా, మొన పైకి తిరిగి ఉంది. దాన్ని అక్క వైపు జరిపింది.

బాగా అయింది అనుకున్నాను. దాచడం దేనికి, సంతోషించాను.

"నువ్వూ తియ్యి," అంది అమ్మ.

తీసి పెట్టాను. తెరవక్కర్లేకుండానే కనబడింది, చొక్కా తలకిందులుగా ఉంది. సరిచేసే చెయ్యి ఒకటి ఉంటుందనే కదా ఆ వీపు కోసం అంత పోట్లాడాను. ఆ చెయ్యి ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ కూర్చున్నాను. అమ్మ రెండు చేతులూ బొత్తాలత్త చేతిని పట్టుకుని ఉన్నాయి.