ట్రిగ్గర్‌లో తట్టు

మా అమ్మాయి పిస్తోలు ట్రిగ్గర్ సగం దాకా నొక్కాక ఎక్కడో చిన్నగా తట్టుకునేది. ఆ తట్టు దాటితేనే పేలేది. కిందటి వేసవిలో ఆ సంగతి చెప్పి ఒకసారి విసుక్కుంది. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

మర్నాడు షూటింగ్ జట్టుకు ఎంపిక పోటీ. అందులో నిలిస్తేనే చోటు. మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, పిస్తోలులో తూటా లేదని రెండోసారి కూడా చూసుకుని, విప్పాను.

విప్పగానే స్ప్రింగు చిటుక్కున ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. నేను బోర్లా పడుకుని వెతుకుతుంటే మా మరదలు వంటింట్లోంచి వచ్చి, చీపురుపుల్లతో దాన్ని బయటికి లాగింది.

"అక్క కుట్టుమిషనుకీ ఇలాగే వైద్యం చేశావు బావా. ఆ తరవాత అది కుట్టడం మానేసి కూతలు నేర్చుకుంది."

"అది వేరు, ఇది వేరు."

"చేతులు అవేగా!"

లోపలి కొక్కెం అంచును సన్నటి సానరాయి మీద రుద్దాను. బిగించి నొక్కితే వెన్నలా జారింది. కానీ పోటీలో పిస్తోలును నిటారుగా పట్టి ట్రిగ్గరుకు కిలో బరువు తగిలిస్తారు. ఆ బరువుకు ట్రిగ్గర్ పడిందా, ఇంక బరిలోకి రానివ్వరు. ఇంట్లో ఉన్న తూకంరాయిని తీగతో వేలాడదీశాను. టక్కున పడింది. స్ప్రింగు బిగించాను. బరువు ఆగింది గాని నొక్కితే రాయిని ఈడ్చినట్టుంది. వదులు చేశాను. మళ్ళీ టక్. చెమటకు కళ్ళజోడు జారుతోంది, స్క్రూడ్రైవర్ జారుతోంది. తల ప్రాణం తోకకొచ్చాక బరువూ ఆగింది, తట్టూ పోయింది.

అమ్మాయి లేచి వచ్చింది.

"చూడు తల్లీ!"

గోడకేసి గురిపెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది. ముఖం పాలిపోయింది.

"నాన్నా, తట్టు ఏదీ?"

"తీసేశాగా! నువ్వేగా చిరాకు పడ్డావు."

"అది అప్పుడు! ఇప్పుడు అది తగిలేదాకా నొక్కి, అక్కడ ఆగి, గురి చూసుకుని పేలుస్తాను. కోచ్ దానిమీదే అలవాటు చేయించారు. ఇదేమో నేను ఆగేలోపే పడిపోతోంది. మళ్ళీ పెట్టెయ్!"

అరిగిన ఇనుము మళ్ళీ మొలవదు. నా ముఖం చూసి ఆమెకే అర్థమైంది.

"ఒక్క మాట అడిగుంటే పోయేది కదా నాన్నా!"

మా మరదలు నోరు తెరిచి, ఏమనుకుందో, మూసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూటకు అదే పెద్ద దయ.

అమ్మాయి నా చేతిలో ఒక నాణెం పెట్టింది. "గొట్టం మీద పెట్టు. పక్కనుంచే పెట్టు, ముందుకు రాకు." ట్రిగ్గర్ పడినా నాణెం కదలకపోతే చెయ్యి అదరలేదని లెక్క. ఖాళీ పిస్తోలుతో వాళ్ళు చేసే సాధన అది.

నాణెం పడింది. తీసి పెట్టాను. మళ్ళీ పడింది. ఆమె పళ్ళు కొరుకుతోంది, నేను వంగుతున్నాను. ఒకసారి అది దొర్లి ఫ్రిజ్ కిందికే పోయింది. పిలవకుండానే మా మరదలు చీపురుపుల్లతో వచ్చింది.

వీధి దీపాలు వెలిగే వేళకు నాణెం ఒకసారి ఊగి, నిలిచింది. నేను ఊపిరి వదిలాను. అమ్మాయి నవ్వలేదు.

"మళ్ళీ పెట్టు నాన్నా," అంది.