ఏ చెట్టుదీ కాని ఆకు

మా నాన్న లేబుళ్లు అచ్చేస్తాడు. తేనె సీసాలు, షాంపూ డబ్బాలు, బొద్దింకల మందు, కుక్కల సబ్బు, ఏదైనా సరే, దాని మీద అంటించే కాగితం మా షాపులో తయారవుతుంది. వచ్చినవాడు ఏం రాయమంటే అది రాస్తాం. 'స్వచ్ఛమైన' అంటే స్వచ్ఛమైన, 'అతి స్వచ్ఛమైన' అంటే ఇంకో పదం పెడతాం, కాస్త ఇంకు తప్ప మాకు పోయేదేం లేదు. లేబుల్ అంటే ఇంతే అని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి మా నాన్న. అలాంటి మనిషి తను అచ్చేసిన లేబుల్ని తనే చదివి, తనే నమ్మి, సీసా మూత తీసి మింగాడు. నవ్వాలో తల బాదుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ సీసా తెచ్చినవాడికి ఆకుసారు అని పేరు పెట్టింది అమ్మ. ఆయన అంతకుముందు పరుపులు అమ్మేవాడు. ఆ పరుపు మీద పడుకుంటే నడుంనొప్పి పోతుందని మాకూ ఒకటి అంటగట్టాడు. నొప్పి అలాగే ఉంది, పరుపే పోయింది. ఆ తర్వాత నీళ్ల ఫిల్టర్లు, ఆ తర్వాత చేతికేసుకునే ఏదో అయస్కాంతం గాజు. చివరికి మొక్కల దగ్గర తేలాడు. ఎవరో గోనెసంచుల్లో పంపే ఆకుపచ్చ గుళికల్ని ఈయన సీసాల్లో పోసి మూత బిగిస్తాడు, అంతే, అదీ ఆయన వైద్యం. కానీ మాట్లాడటం మొదలుపెడితే అరచేతిలో వైకుంఠమే. అలసట పోతుంది, నిద్ర పడుతుంది, రక్తం శుభ్రపడుతుంది, మోకాళ్లు, జుట్టు, జ్ఞాపకశక్తి, ఒక్క ఇంటి పైకప్పు కారడం తప్ప అన్నీ బాగవుతాయి.

లేబుల్ మీద ఏం వేయాలో నాకు ఫోన్‌లో పంపాడు. వేరేవాళ్ల సీసా మీదది మొత్తం ఎత్తి పంపాడని చూడగానే తెలిసిపోయింది, ఎందుకంటే కింద ఇంకెవరిదో కంపెనీ పేరు కూడా ఉంది. చివర్లో ఒక లైను. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే వాడాలి. పాపం, పంపేముందు ఆయన దాన్ని చదివినట్టు లేడు. ప్రూఫులో మొదటిసారి చదివి, పాముని చూసినట్టు చూశాడు. ఇది చదివాక ఎవరు కొంటారమ్మా అన్నాడు. ఆ లైను తీసేసి, ఆ చోటు కూడా కలుపుకుని ఆకు బొమ్మ పెద్దది చేయమన్నాడు. ఏ ఆకండీ అని అడిగాను. ఏదో ఒకటిలే, పచ్చగా ఉండాలి, చూస్తే నమ్మకం కలగాలి అన్నాడు. సరే అని గులాబీ ఆకు రంపపు అంచు, నిమ్మాకు నునుపు, పుదీనా ముడతలు మూడూ కలిపి ఒకటి గీశాను. మీద ఒక మంచుబిందువు కూడా పెట్టాను. ఆయన మురిసిపోయాడు.

ఆకు సంగతి సరే గానీ ఆ లైను తీయనన్నాను. మా నాన్న గుండెలో ఒక వాల్వు మార్చారు. అప్పట్నుంచి రోజూ రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటాడు, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుంటాడు. రక్తం మరీ పలచబడితే లోపలెక్కడో కారుతుంది, మరీ చిక్కబడితే వాల్వు పట్టేస్తుంది. ఆయన ప్రాణం ఆ రెండింటి మధ్య నడుస్తోంది. ఆ లైను నీలాంటివాళ్ల కోసమే నాన్నా అని మొహం మీదే చెప్పాను. నాన్న నా కుర్చీలో కూర్చుని, మౌసు సరిగ్గా పట్టుకోవడం రాక, ఆ లైనుని ఒక్కో అక్షరం ఒక్కో అక్షరం తనే చెరిపాడు.

"మేటరు కస్టమరుది తల్లీ. మనం అచ్చేసేవాళ్లం, డాక్టర్లం కాదు."

అక్కడితో ఆగినా బాగుండేది. లేబుళ్లు తీసుకెళ్తూ ఆకుసారు ఒక సీసా నాన్న చేతిలో పెట్టి, మీరు మా ఇంటి మనిషిలాంటివారు, ఇది మీకోసం అన్నాడు. నాన్నకి సాయంత్రమయ్యేసరికి నీరసంగా ఉంటోంది, మెషిను దగ్గర నిలబడలేకపోతున్నాడు. సీసాని ఇంటికి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, తను అచ్చేసిన అక్షరాల్నే పైకి చదివి వినిపించాడు. పూర్తిగా మొక్కల నుంచి, ఏ హానీ లేనిది. మేము అచ్చేసిందే కదా నాన్నా అన్నాను. అచ్చేస్తే మాత్రం, ఊరికే అబద్ధం రాయిస్తారా అన్నాడు. ఈ మాట అన్నది, కుక్కల సబ్బు మీద 'కుక్కలు ఇష్టపడే సువాసన' అని అచ్చేసిన మనిషి.

"ఇది మందు కాదే, ఆకు. ఆకు ఏం చేస్తుంది?" అన్నాడు అమ్మతో.

"గన్నేరూ మొక్కే. రెండు కాయలు తెచ్చిపెట్టనా?" అంది అమ్మ.

ఆ దెబ్బతో సీసా ఇంట్లోంచి మాయమైంది. అమ్మా నేనూ చెత్తలో పడేశాడనుకున్నాం. ఎంత అమాయకులమో చూడండి.

కొన్ని వారాల తర్వాత షాపులో నాన్న ముంజేతి మీద ఊదారంగు మరక చూశాను. మాకు ఇంకు మరకలు లెక్కలోవి కావు, ఒంటి మీద ఏదో ఒక రంగు లేకుండా ఇంటికి వెళ్లిన రోజు లేదు. ఇంకు తుడిచే గుడ్డ తెచ్చి రుద్దాను. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. నాన్న చెయ్యి లాక్కున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి చూస్తే మోచేతి దాకా అవే, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ, కొన్ని నల్లగా. ఇంకు కాదు. కాగితం రోలు తగిలి ఉంటుందిలే అన్నాడు, అనేటప్పుడు పళ్ల చిగుళ్ల దగ్గర ఎర్రగా కనిపించింది. నేను ఇంకు డబ్బాల అలమర దగ్గరికి వెళ్లి, ముందు వరస పక్కకి జరిపాను. వెనక నా ఆకు. మంచుబిందువుతో సహా. సీసా ఖాళీ కావొచ్చింది.

ఆస్పత్రిలో ముందు నర్సు అడిగింది, వాల్వు మాత్ర కాకుండా ఇంకేం మందులు వాడుతున్నారని. ఏం లేవన్నాడు నాన్న. గుండె డాక్టరమ్మ అడిగింది. ఏం లేవన్నాడు. రక్తపరీక్ష ఫలితం వచ్చాక ఆమె మొహం మారింది, మళ్లీ నెమ్మదిగా అడిగింది. మందులేం లేవండీ అన్నాడు, అబద్ధం ఆడుతున్నానన్న ఆలోచన కూడా లేకుండా, నిండు నమ్మకంతో. ఆయన లెక్కలో ఆకు మందు కాదు. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆకు, ఆకు, ఇంకా ఆకు. ఇందులో ఏమేం ఉన్నాయి అని అడిగింది. ఆకుసారుకి ఫోన్ కలిపి, అందరికీ వినిపించేలా పెట్టి, అదే ప్రశ్న అడిగాను.

"లేబుల్ మీద ఏముందో చూడమ్మా," అన్నాడు.

"లేబుల్ మేమే కదా సార్ చేసింది. మీరు చెప్పిందే రాశాం."

"అదే మరి. అదే అందులో ఉంది."

నాన్న తలెత్తలేదు. చెవిలో పువ్వు పెట్టినవాడి ధీమా ఫోన్‌లోంచి అలా వస్తూనే ఉంది, కంపెనీవాళ్లని కనుక్కుని చెప్తా, అయినా మొక్కే కదమ్మా అంటున్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

"పనిచేస్తుందని నమ్మే కదా మింగారు," అంది డాక్టరమ్మ నాన్నతో. "మంచి చేసే బలం ఉన్నదానికి చెడు చేసే బలం ఉండదా అండీ?"

కొన్ని మొక్కలు మీ మాత్ర బలాన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి, ఇందులో ఏముందో తెలిస్తే నా పని తేలిక, తెలీదు కాబట్టి చీకట్లో తడుముకోవాలి అని చెప్పింది. గుళికలు ఆ క్షణం నుంచి బంద్. నాన్నని ఆస్పత్రిలో ఉంచేశారు. రక్తాన్ని మళ్లీ చిక్కబరచాలి, కానీ వాల్వు పట్టేయనంత వరకే. పొద్దున రక్తం తీయడం, సాయంత్రం రక్తం తీయడం, అమ్మ మంచం పక్కన కూర్చుని ఒక్క మాటా అనకపోవడం. మా అమ్మ దెప్పకుండా ఉందంటే పరిస్థితి ఎంత భయంగా ఉందో మీరే అర్థం చేసుకోండి. నాలుగోరోజు అమ్మ నోరు తెరిచి, గన్నేరుకాయలైనా తమలో ఏముందో చెప్పి చంపుతాయి అంది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆ మధ్యాహ్నమే రక్తం దారిలోకి వచ్చిందని చెప్పారు.

నాన్న మళ్లీ షాపుకి వచ్చిన వారంలో ఆకుసారు దిగాడు, ఇంకో విడత లేబుళ్ల కోసం. పరామర్శ కూడా చేశాడు. ఒంట్లో ఉన్న చెడంతా అలా బయటికి వస్తుందండీ, నిజానికి అది మంచి సూచనే అన్నాడు. నా చేతిలో కాగితం కోసే బ్లేడు ఉంది, దాన్ని జాగ్రత్తగా దూరంగా పెట్టాను.

నాన్న మెషిను ఆపాడు. మీ ఇంట్లో ఎవరైనా వాడతారా అని అడిగాడు.

"నాకేం జబ్బు లేదు కదండీ. మా ఆవిడకేమో పడదు, కడుపులో మంట."

నాన్న నన్ను లేవమని సైగ చేసి, నా కుర్చీలో కూర్చుని, చెరిపిన లైనుని మళ్లీ కొట్టాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. కొట్టి, పైన ఉన్న పేరంత పెద్దది చేశాడు. ఆకు తొడిమ ఒక్కటే మిగిలింది. అందులో ఏముందో కనుక్కుని తెస్తే అదీ అచ్చేస్తాను, అప్పటిదాకా ఇలాగే అన్నాడు. ఆకుసారు నవ్వాడు, మాది నమ్మకం మీద నడిచే వ్యాపారమండీ అన్నాడు. తన లేబుళ్ల అచ్చు ప్లేట్లు తను తీసుకుని, పక్క వీధిలో ఉన్న ప్రెస్సుకి వెళ్లిపోయాడు. ఈపాటికి అక్కడ అచ్చవుతూ ఉంటాయి, అనుమానమే లేదు.

నాన్న తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అసలు ఈ ఆకు ఏ చెట్టుదే?"

"ఏ చెట్టుదీ కాదు నాన్నా. నేనే గీశాను."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"బాగా గీశావు," అన్నాడు. "చూసే కదా మింగాను."