ఊరి ముంగట ఒప్పుకోలు

వకీలు రోజారాణి మాట విన్నాక గంగామణికి చాలా రోజుల తర్వాత ఆకలి తెలిసింది.

"నీ పెనిమిటి దెబ్బలకు తాళక ఠాణల ఏమన్న ఒప్పుకున్నా, గది కోర్టుల చెల్లదు. ఇంగ్లీషోళ్ల కాలంల పెట్టిన కాయిదా గిది. వాళ్ల పోలీసులు కొట్టి ఒప్పిస్తున్నరని వాళ్లకే ఎరుకైంది. గిప్పుడు చట్టం పేరు మారింది గని గా ముచ్చట మారలే."

ఎంత విచిత్రం! ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన దొర అనుమానం ఇవాళ తన మొగుడికి అండ! ఆర్మూర్ కోర్టు ముందునుంచి నందిపేట ఆటో ఎక్కి, దారంతా ఆ దొరకు దండాలు పెట్టుకుంది పిచ్చిది.

ఆమె మొగుడు గజేందర్ పసుపు మార్కెట్లో హమాలీ. ఒక షావుకారు గోదాములో బస్తాలు పోయాయి. కావలి ఎంకటి తల పగిలి, దవాఖానలో మాటా పలుకూ లేకుండా పడి ఉన్నాడు. ఆ సాయంత్రం గోదాములో ఆఖరున పనిచేసింది గజేందర్ కాబట్టి అనుమానం వాడి మీద పడింది. ఠాణాకు పిలిచి, అరికాళ్లు వాచేలా కొట్టి, మళ్లీ రమ్మని పంపారు. బస్తాలు మోసే మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే గంగామణి ప్రాణం విలవిల్లాడింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఊరి కమిటీ పెద్ద రాజేశ్వర్ పటేల్ కూర్చుని ఉన్నాడు.

"బిడ్డా, దినాం ఊళ్లెకు జీపు వస్తున్నది. పసుపు ఉడకబెట్టేది ఇడిసి పోరగాండ్లు పారిపోతున్రు. రేపు పొద్దుగాల కమిటీ కూసుంటది. తప్పయిందని నీ మొగడు ఒక్క మాట అననీ, ఎస్సైతోని మేం మాట్లాడ్తం. ఊరి ముచ్చట ఊర్లనే ఉంటది. లేకుంటే..."

అక్కడితో ఆపాడు. ఆపై సంగతి చెప్పనక్కర్లేదు. నిరుడు కమిటీకి ఎదురు చెప్పిన ఇంటికి పాలు పోసినవాడు లేడు, పలకరించినవాడు లేడు.

"చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకోవాలె?" అన్నాడు లోపలినుంచి గజేందర్.

పటేల్ వెళ్లాక గంగామణి వాడి కాళ్ల దగ్గర కూలబడింది. "పోలీసోళ్ల ముంగట చెప్పిందే చెల్లదంట. మనోళ్ల ముంగట చెప్తే ఏమైతది? నువ్వు సచ్చిపోతే నేనెట్ల బతకాలె?"

ఠాణాలో ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పని మనిషి, పెళ్లాం కన్నీళ్లకు లొంగిపోయాడు.

తెల్లారి కమిటీ ముందు గజేందర్ భుజం మీది తువాల తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "నేనే జేసిన. తప్పయింది, మాఫ్ జెయ్యిన్రి." ఎవరో ఫోన్లో వీడియో తీశారు. పెద్దలంతా హమ్మయ్య అనుకున్నారు. పటేల్ స్వయంగా చాయ్ తెప్పించాడు. గంగామణి సంబరంగా వకీలుకు ఫోన్ చేసింది.

"మేడం, మా గండం గడిసింది!"

సంగతంతా విన్న రోజారాణి ఒక్కటే అడిగింది. "అక్కడ పోలీసు ఎవలన్న ఉన్నరా?"

"లేరు మేడం, అంత మనోళ్లే."

"అయ్యో, కొంప మునిగింది గంగామణీ! గా కాయిదా పోలీసుల ముంగట చెప్పినదానికే. ఊరి పెద్దల ముంగట ఒప్పుకుంటే గది సాక్ష్యమైతది. బెదిరిచ్చి చెప్పిచ్చిన్రని నేను కొట్లాడ్త. గని జడ్జి ఎవలను నమ్ముతడో చెప్పలేను. ఏండ్లకేండ్లు జైలు పడే కేసు గిది. నన్ను ఒక్క మాట అడుగొద్దా?"

కాలం బాగాలేకపోతే తాడే పామై కరుస్తుందంటారు. గంగామణి తన చేతులతోనే ఆ తాడు తెచ్చి మొగుడి మెడలో వేసింది.

జీపు అప్పటికే వచ్చేసింది.

"మీ ముంగటనే ఒప్పుకున్నడా?" ఎస్సై అడిగాడు.

పటేల్ ఆమెవైపు చూడలేదు. "ఊరంత ఇన్నది సార్."

"అబద్ధం సార్! నేనే చెప్పిచ్చిన!" గంగామణి అడ్డం పడింది.

"నువ్వెందుకు చెప్పిస్తవమ్మా?" ఎస్సై ఎంతో నెమ్మదిగా అడిగాడు.

గజేందర్ జీపు ఎక్కలేకపోతుంటే ఎస్సై మోచెయ్యి పట్టి, జాగ్రత్తగా ఎక్కించి కూర్చోబెట్టాడు.

"భయపడకమ్మా, గీసారి ఎవ్వలు చెయ్యి లేపరు," అన్నాడు. "ఇంక కొట్టే పనేమున్నది?"