పంపాలనే పక్షం

తల్లి సంచిలో ముందు గౌన్లు పెట్టింది. వాటి మీద చెవి ఊడిపోయిన గుడ్డ కుందేల్ని పెట్టబోతుంటే ఆమె భర్త, వ్యాసాల మాస్టారు, గుమ్మంలోంచే అన్నాడు: "అది అక్కర్లేదు. అక్కడ అందరివీ కలిసిపోతాయట."

"కలిసిపోతే పోనీండి," అంటూ ఆమె కుందేల్ని గౌన్ల అడుక్కి తోసింది.

ఆ గౌన్లు పిచ్చుకవి. పిచ్చుక వాళ్ల చిన్నకూతురు. తొమ్మిదేళ్లొచ్చినా మాట రాలేదు. ఉన్నట్టుండి కళ్లు తేలేసి పడిపోయేది. ఇప్పుడు మంచం మీద కూర్చుని సంచి జిప్పు లాగుతూ, మూస్తూ నవ్వుతోంది. ప్రయాణమంటే దానికి సరదా.

మాస్టారు పోటీ పరీక్షల పిల్లలకి వ్యాసం నేర్పేవాడు. ముందు నీ వాదం చెప్పు, రుజువు చూపించు, రుజువునీ వాదాన్నీ తర్కంతో కలుపు, ఒక నీతి సిద్ధాంతం మీద నిలబెట్టు, చివర ఎదుటివాడి మాటకి జవాబివ్వు. ఇంట్లోనూ అదే పద్ధతి. టీవీ కొనాలన్నా, గోడకి రంగు మార్చాలన్నా తల్లీ పెద్దకూతురూ వ్యాసాలు రాయాల్సిందే. స్టీలు గ్లాసులో "అవును" అని ఒక చీటీ, "కాదు" అని ఒక చీటీ వేసేవాడు. ఎవరికి ఏది వస్తే ఆ పక్షమే రాయాలి. "నచ్చిన పక్షం రాస్తే అది వ్యాసం కాదు, ఏడుపు," అనేవాడు. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే ఇంట్లో ఆ మాటే చెల్లేది. ముందుగది గోడ ఆకుపచ్చగా ఉందంటే పెద్దకూతురి వ్యాసం చలవే. ఆ పిల్లకి ఆకుపచ్చంటే పరమ అసహ్యం.

పోయిన ఆదివారం ఆయన అడిగిన ప్రశ్న ఇది: పిచ్చుకని, అలాంటి పిల్లల కోసం దూరాన ఉన్న వసతి గృహానికి పంపాలా?

తల్లికి "కాదు" వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. "అవును" పెద్దదానికి వచ్చింది. చెల్లెల్ని చంకనేసుకుని తిరిగిన పిల్ల, ఏదో పైపైన గిలికేసి ఊరుకుంటుందిలే అనుకుంది తల్లి. అయినా మనసాగక వంటింట్లో దాని చెవిలో వేసింది.

"కాస్త తగ్గించి రాయవే, నా తల్లివి కదూ."

"తగ్గిస్తే నాన్న కనిపెట్టేస్తారమ్మా. సున్నా చుడతారు."

"చుడితే చుట్టనీ. కొంపలేం మునగవు."

"నీకేం, నీకెప్పుడూ సున్నాలే!" అని పిల్ల నవ్వింది. తల్లీ నవ్వింది.

తల్లి చదువు తనంతట తాను కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. ఆమె రాసింది ఇంతే: "పిచ్చుక నా చిటికెనవేలు పట్టుకుంటేనే నిద్రపోతుంది. అక్కడ ఎవరి వేలు పట్టుకుంటుంది? మనిషిని మన అవసరానికి వస్తువులా వాడుకోకూడదు."

"మొదటిది రుజువు కాదు, ప్రశ్న," అన్నాడు మాస్టారు ఎర్రపెన్ను ఆడిస్తూ. "ఆఖరి సిద్ధాంతం ఇక్కడికెలా అతుకుతుంది?"

"అంటే... అది వస్తువు కాదు కదండీ."

"వస్తువని ఎవరన్నారు? కూర్చో."

పెద్దకూతురు లేచి తన కాగితం గడగడా చదివింది. "రుజువు: చెల్లి మోచేతి మీద మచ్చ. అది వేన్నీళ్లు ఒలికి వచ్చింది కాదు. అమ్మ కునుకు తీసినప్పుడు చెల్లి పొయ్యి మీద పడితే వచ్చింది."

ఆ సంగతి తల్లి భర్తకి చెప్పలేదు. ఒకరోజు గుండె చెరువై పెద్దదానికి ఒక్కదానికే చెప్పుకుంది.

"తర్కం: కాపలా కాసేది ఒక్క మనిషి. ఆ మనిషికి నిద్రొస్తుంది. కాబట్టి మళ్లీ కాలుతుంది. సిద్ధాంతం: ఎక్కువమందికి ఎక్కువ మేలు జరిగేదే మంచిపని. ఎదుటివారికి జవాబు: మనిషిని వస్తువులా వాడుకోకూడదని అమ్మ అంటోంది. నిజమే. ఎవరో ఒకరు వేలు పట్టుకుంటే తప్ప అమ్మకి నిద్రపట్టదు. చెల్లిని వాడుకుంటున్నది అమ్మే."

మాస్టారు పెన్నుకి మూత పెట్టాడు. "ఇందులో దిద్దడానికేం లేదు."

ఆ మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. పిల్ల మొహం వెలిగిపోయింది. తల్లి వైపు తిరిగాక కూడా ఆ వెలుగు ఆరడానికి కాసేపు పట్టింది.

"నాన్నా, ఇది ఉత్తి వ్యాసమే కదా?"

"గోడ రంగూ ఉత్తి వ్యాసమే," అన్నాడాయన.

ఇప్పుడు ఆయన సంచి తెరిచి, గౌన్ల అడుగు నుంచి కుందేల్ని లాగి మంచం మీద పడేశాడు. "అక్కర్లేదన్నానుగా."

"ఏమండీ, రుజువూ గిజువూ లేకుండా ఒక్కసారి నా మాట వినండి."

"వింటే రేపు పెద్దది ఏం నేర్చుకుంటుంది?"

పెద్దకూతురు స్నానాల గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. తలుపు ఎంత కొట్టినా తియ్యలేదు. మెట్ల దగ్గర పిచ్చుక తల్లి చిటికెనవేలు పట్టుకుంది. మాస్టారు దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిలో సంచి పట్టీ పెట్టాడు. పిచ్చుక పట్టీని గట్టిగా పట్టుకుంది. నవ్వుతూనే దిగింది.

ఆ వ్యాసాన్ని మాస్టారు జిరాక్సు తీయించి ఏటా తన విద్యార్థులకి పంచాడు. "అమ్మ" అని ఉన్నచోటల్లా "సంరక్షకురాలు" అని మార్చాడు.

పిచ్చుక ఆ ఏడు జూన్‌లో వెళ్లింది. నవంబరులో అక్కడే చనిపోయింది.